ఫోన్‌తో రైలు నడపండి, కానీ ఎర్ర బటన్ ఫోన్‌లో పెట్టొద్దు

ఫోన్ రివ్యూ అంటే మనం చూసేది ఏంటి? ప్రాసెసర్, కెమెరా, డిస్‌ప్లే ఎన్ని నిట్స్, ఛార్జింగ్ ఎన్ని వాట్లు. ఇంటి వైఫైలో ఇంటర్నెట్ పోయిన నిమిషంలో ఆ ఫోన్ ఏం చేస్తుంది, వైఫైని పట్టుకునే ఉంటుందా, మనకి చెప్పకుండా మొబైల్ డేటాకి దూకేస్తుందా అని టెస్ట్ చేసిన రివ్యూ నేనైతే ఇప్పటిదాకా చూడలేదు. మొన్న దసరా సెలవుల్లో మా ఇంట్లో ఆ టెస్ట్ దానంతట అదే జరిగింది. ఫోన్ ఫెయిల్. దాంతో పాటు ఒక రైలింజన్ టేబుల్ మీంచి కింద పడింది.

మోడల్ రైలే లెండి, ఎవరికీ ఏం కాలేదు. కానీ ఆ ఇంజన్ కోసం నేను ఆర్నెల్లు డబ్బులు దాచాను. అది పడింది మా నాయిన ముందు, మా అక్క కూతురు ముందు. పైగా నేను ఉద్యోగంలో చేసే పనే సిస్టమ్స్ పడిపోకుండా చూసుకోవడం. అందుకే ఇది రాస్తున్నా.

కొంచెం వెనక్కి వెళ్దాం. మాది హవేలిఘనపూర్, మెదక్ పక్కనే. ఉద్యోగం హైదరాబాద్‌లో, వీలైన ప్రతి శనివారం ఇంట్లో. మెదక్ పేరుకి జిల్లా కేంద్రమే అయినా ఊరికి రైలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. అక్కన్నపేట నుంచి మెదక్ దాకా 17.2 కిలోమీటర్ల కొత్త లైన్ వేసి, 2022 సెప్టెంబర్ 23న మొదటి ప్యాసింజర్‌కి జెండా ఊపారు. చిన్నప్పటి నుంచి "మెదక్‌కి రైలొస్తదట" అని వింటూ పెరిగిన నాయిన, రైలు వచ్చాక స్టేషన్‌కి వెళ్లి ఊరికే కూర్చుని వచ్చేవాడు. ఆ లైన్‌ని ఇంట్లో కట్టాలని నాకు అప్పుడే అనిపించింది.

హెచ్ఓ స్కేల్ అంటే 1:87. ఆ లెక్కన 17.2 కిలోమీటర్లు దాదాపు 198 మీటర్లు అవుతుంది. మా ఇల్లు కాదు, మా వీధి కూడా సరిపోదు. అందుకని 8 అడుగుల ప్లైవుడ్ షీట్ మీద అక్కన్నపేట, లక్ష్మాపూర్, శమ్నాపూర్, చివర్న మెదక్. మెదక్ చర్చి టవర్ 175 అడుగులు, స్కేల్‌లో కడితే 2 అడుగులు వస్తుంది. థర్మాకోల్‌తో సగానికి తగ్గించి కట్టినా స్టేషన్‌ని మింగేసేలా ఉంది.

ముఖ్యమైన విషయం ఏంటంటే మెదక్ టెర్మినస్. పట్టాలు అక్కడితో ఆఖరు. నా లేఅవుట్‌లో కూడా ప్లాట్‌ఫామ్ దాటాక నాలుగు అంగుళాలు, తర్వాత టేబుల్ అంచు.

అసలు ఫోన్‌కి, రైలుకి సంబంధం ఏంటి?

పాత మోడల్ రైళ్లలో ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక నాబ్ ఉంటుంది. తిప్పితే పట్టాల్లో వోల్టేజ్ పెరుగుతుంది, రైలు పరిగెడుతుంది. వెనక్కి తిప్పితే ఆగుతుంది. రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి, అదొక్కటే ఇబ్బంది. దీనికి పరిష్కారంగా వచ్చిందే డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్. జర్మనీలోని లెంజ్ కంపెనీ చేసిన పని మీద అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల్లో స్టాండర్డ్ తయారు చేసింది. ఇందులో పట్టాలకి ఎప్పుడూ ఫుల్ పవర్ ఉంటుంది. ఆ పవర్‌లోనే డేటా వెళ్తుంది: పోలారిటీ తిరగబడే టైమ్ 58 మైక్రోసెకన్లు అయితే ఒకటి, 100 మైక్రోసెకన్లు అయితే సున్నా. ప్రతి ఇంజన్‌లో ఒక చిన్న డీకోడర్, దానికో అడ్రస్. "మూడో నంబర్ ఇంజన్, ముందుకి, స్పీడ్ 40" అని ప్యాకెట్ వెళ్తే మూడో నంబర్ మాత్రమే వింటుంది. నెట్‌వర్కింగ్ చదివిన వాళ్లకి ఇంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు.

కంపెనీ కంట్రోలర్లు ఇక్కడ దొరకడం కష్టం, దొరికినా రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకే నాలాంటి వాళ్లందరం డీసీసీ-ఈఎక్స్ వైపు వెళ్తాం. ఒక ఆర్డ్యునో మెగా, దాని మీద మోటార్ షీల్డ్, ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్, అంతే. యూఎస్‌బీతో పాత లాప్‌టాప్‌కి కలిపి అందులో జేఎంఆర్‌ఐ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నా. దాంట్లో వైథ్రాటిల్ సర్వర్ ఆన్ చేస్తే, ఫోన్‌లో ఇంజన్ డ్రైవర్ అనే ఫ్రీ యాప్ వేసుకుని వైఫై మీద రైలు నడపొచ్చు.

జేఎంఆర్‌ఐ గురించి ఒక మాట చెప్పకపోతే మనసొప్పదు. మనం రోజూ గిట్‌హబ్‌లో చూసే ఓపెన్ సోర్స్ లైసెన్సులకి కోర్టులో బలం ఇచ్చిన కేసుల్లో ఒకటి ఈ రైలు సాఫ్ట్‌వేర్‌దే. 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, జేకబ్సన్ వర్సెస్ కాట్జర్ కేసులో, ఓపెన్ సోర్స్ లైసెన్స్ షరతులు ఉల్లంఘిస్తే కాపీరైట్ ఉల్లంఘన కిందకి రావచ్చని చెప్పింది. బొమ్మ రైళ్లు ఆడుకునే వాళ్ల పుణ్యం.

సరే, ఆ రోజు సంగతి. మేనకోడలికి ఏడేళ్లు. లక్ష్మాపూర్ నుంచి రైలు బయలుదేరింది, ఫోన్ నా చేతిలోనే ఉంది. శమ్నాపూర్ దాటింది. నేను స్లయిడర్ కిందకి లాగాను. స్క్రీన్ మీద స్పీడ్ తగ్గింది, రైలు తగ్గలేదు. "మామా, రైలు ఆగుతలేదు!" అని పాప. "ఆపురా, ఆపు!" అని నాయిన. స్టాప్ బటన్ నాలుగు సార్లు నొక్కాను. ఇంజన్ మెదక్ ప్లాట్‌ఫామ్ దాటి, అంచు దాటి, సిమెంట్ గచ్చు మీద పడింది. ముందు కప్లింగ్ విరిగింది, ఒక బోగీ ఫ్రేమ్ పగిలింది.

పాప ఏడ్చింది. నాయిన మాత్రం ఇంజన్ ముక్కలు ఏరి చేతిలో పెట్టి ఒకటే అడిగాడు: "ఏందిరా, బోరు స్టార్టర్‌కి గూడ ఎర్ర బటన్ ఉంటది. దీనికి లేదా?"

జవాబు చెప్పలేకపోయాను.

తప్పు ఎక్కడ వెతకాలి

ఇలాంటివి జరిగినప్పుడు అందరూ మొదట అనే మాట "యాప్ బాలేదు" లేదా "ఫోన్ హ్యాంగ్ అయింది". నేను ఏడాదిగా నడుపుతున్నా కదా, నా అనుభవంలో థ్రాటిల్ సమస్య అనుకున్న వాటిలో ఎక్కువ భాగం పట్టాల సమస్యలే. మొదటి రోజుల్లో ఇంజన్ కుదుపులు పెడుతూ పోతుంటే మూడు యాప్‌లు మార్చాను, రూటర్ ఛానెల్ మార్చాను. చివరికి తేలింది ఏంటంటే పట్టాల మీద దుమ్ము. మా పక్కన వరి కోతలు, హార్వెస్టర్ తిరిగిందంటే ఇల్లంతా పొట్టు దుమ్మే. పాత నాబ్ రైలుకి క్షణం పాటు కరెంట్ తెగితే ఏం కాదు, ఊపులో వెళ్లిపోతుంది. డీకోడర్ అలా కాదు, అదొక చిన్న కంప్యూటర్. కరెంట్ తెగితే రీస్టార్ట్ అవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ తడిపి పట్టాలు, చక్రాలు తుడిస్తే సగం రోగాలు పోతాయి. తలకి నూనె రాసుకున్న చేత్తో పట్టాలు ముట్టుకోవద్దు, ఇది మా అమ్మకి చెప్పలేను కాబట్టి మీకు చెప్తున్నా.

ఇప్పుడు నేను చూసే పద్ధతి ఇది. ఎప్పుడూ ఒకే చోట ఆగుతోందా? అయితే అది పట్టా. ఎక్కువసార్లు ఫిష్‌ప్లేట్ లూజ్ అయి ఉంటుంది, ఆ ముక్కకి విడిగా వైర్ సోల్డర్ చేస్తే సరి. ఎక్కడపడితే అక్కడ ఆగుతోంది, కానీ ఒక్క ఇంజనే? అయితే దాని చక్రాలు, లేదంటే డీకోడర్ సెట్టింగ్. హెడ్‌లైట్ స్పీడ్ మార్చినప్పుడల్లా ఆరి వెలుగుతుంటే సీవీ29లో స్పీడ్ స్టెప్స్ 14, 28 తేడా వచ్చిందన్నమాట. చాలా డీకోడర్లలో సీవీ8లో 8 రాస్తే ఫ్యాక్టరీ రీసెట్ అయి అడ్రస్ మళ్లీ 3కి వస్తుంది. అన్ని ఇంజన్లూ ఒకేసారి మొండికేస్తే అప్పుడు కమాండ్ స్టేషన్ వైపు, వైఫై వైపు చూడాలి. అది తేల్చడానికి కూడా సులువైన దారి ఉంది. లాప్‌టాప్‌లోని జేఎంఆర్‌ఐ థ్రాటిల్‌తో అదే ఇంజన్‌ని నడపండి. యూఎస్‌బీ మీద బాగా నడిచి, ఫోన్‌తో నడవకపోతే పట్టాల్ని తిట్టాల్సిన పని లేదు.

ఇంకొకటి, కాయిన్ టెస్ట్. లేఅవుట్ మీద అన్ని చివర్లలో పట్టాల మీద అడ్డంగా ఒక పది రూపాయల బిళ్ల పెట్టండి. షార్ట్ అయి కమాండ్ స్టేషన్ వెంటనే పవర్ కట్ చేయాలి. ఒక చోట కట్ కాలేదంటే అక్కడికి వెళ్లే వైర్ సన్నగా ఉందనో, జాయింట్ బాలేదనో అర్థం. నా దగ్గర లక్ష్మాపూర్ దగ్గర బిళ్ల వేడెక్కింది కానీ పవర్ పోలేదు. ఈ టెస్ట్ చేయకుండా లేఅవుట్‌ని గదిలో వదిలి భోజనానికి వెళ్లొద్దు, ప్లాస్టిక్ కరిగే వ్యవహారం ఇది. మల్టీమీటర్‌తో కొలిస్తే సరైన వోల్టేజ్ చూపించదు, చవక మీటర్ల ఏసీ రేంజ్ 50 హెర్ట్జ్ కోసం చేసింది. కానీ రెండు చోట్ల రీడింగ్ పోల్చడానికి పనికొస్తుంది.

దసరా రోజు ఇవన్నీ బాగున్నాయి. లాప్‌టాప్ నుంచి ఇంకో ఇంజన్ హాయిగా నడిచింది. రూటర్ వైపు చూస్తే ఎర్ర లైట్. ఊళ్లో ఎక్కడో ఫైబర్ తెగింది, ఇంటర్నెట్ లేదు. కానీ రైలుకి ఇంటర్నెట్ ఎందుకు? ఫోన్, రూటర్, లాప్‌టాప్, మూడూ ఒకే గదిలో ఉన్నాయి. లోకల్ నెట్‌వర్క్ చక్కగా ఉంది. నా ఫోన్‌కి ఆ తేడా తెలీదు. "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, దీనితో పని లేదు" అని తనంతట తానే మొబైల్ డేటాకి మారిపోయింది. నేను నొక్కిన నాలుగు స్టాప్‌లు 5జీ టవర్ వైపు వెళ్లాయి. మా టేబుల్ మీద ఉన్న లాప్‌టాప్ అడ్రస్ ఆ టవర్‌కి ఏం తెలుసు?

ఫోన్ మాట ఆగిపోతే రైలు కూడా ఆగాలి కదా అని మీకు డౌట్ రావచ్చు. రాదు. డీసీసీలో కమాండ్ స్టేషన్ చివరగా విన్న స్పీడ్‌ని గుర్తు పెట్టుకుని అదే ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. దుమ్ము వల్ల ఒక ప్యాకెట్ పోయినా తర్వాతది అందాలని అలా డిజైన్ చేశారు. మంచి డిజైనే. కానీ థ్రాటిల్ చచ్చిపోయినా రైలు మాత్రం చివరి ఆర్డర్‌ని పాటిస్తూ పోతుంది.

దీనికోసమే వైథ్రాటిల్‌లో హార్ట్‌బీట్ ఉంది. ఫోన్ కొన్ని సెకన్లకోసారి "ఉన్నాను" అని చెప్పాలి. 10 సెకన్లు చప్పుడు లేకపోతే జేఎంఆర్‌ఐ ఆ ఇంజన్‌ని ఎమర్జెన్సీ స్టాప్ చేస్తుంది. మరి నా దగ్గర ఎందుకు చేయలేదు?

ఎందుకంటే ఆ టిక్ నేనే తీసేశాను.

రెండు నెలల క్రితం స్క్రీన్ ఆఫ్ అయినప్పుడల్లా బ్యాటరీ సేవర్ యాప్‌ని నిద్రపుచ్చేది, హార్ట్‌బీట్ ఆగేది, రైలు మధ్యలో నిలబడిపోయేది. విసుగొచ్చి సెట్టింగ్స్‌లోకి వెళ్లి హార్ట్‌బీట్ చెక్ ఆపేశాను. ఆఫీసులో ఎవరైనా అలర్ట్ ఎక్కువ మోగుతోందని అలర్ట్‌నే మ్యూట్ చేస్తే నేను కోడ్ రివ్యూలో ఒక పేజీ రాస్తాను. ఇంట్లో అదే పని చేశాను. బ్యాటరీ సేవర్‌లో ఆ ఒక్క యాప్‌కి మినహాయింపు ఇస్తే అయిపోయేదానికి, ఉన్న ఒక్క రక్షణని తీసేశాను.

టిక్ ఉన్నా కాపాడేది కాదేమో, అది వేరే లెక్క. గంటకి 60 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే మోడల్ రైలు సెకనుకి దాదాపు 19 సెంటీమీటర్లు పోతుంది. 10 సెకన్లలో 1.9 మీటర్లు, అంటే 6 అడుగుల పైనే. నా టేబుల్ మొత్తం 8 అడుగులు. పెద్ద లేఅవుట్‌కి 10 సెకన్లు చాలు, నా టెర్మినస్‌కి చాలవు. డిఫాల్ట్ సెట్టింగ్ ఎవరి టేబుల్ కోసమో పెట్టింది, మన టేబుల్‌కి మనమే లెక్క వేసుకోవాలి.

నిజం రైళ్లలో ఈ విషయం ఎప్పుడో తేల్చేశారు. మన లోకోల్లో విజిలెన్స్ కంట్రోల్ డివైస్ ఉంటుంది. ఒక నిమిషం పాటు లోకో పైలట్ ఏ కంట్రోల్‌నీ కదపకపోతే లైట్ వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ స్పందన లేకపోతే బ్రేక్ పడుతుంది. కవచ్ ఇంకో మెట్టు పైన. 2022 మార్చి 4న మన సికింద్రాబాద్ డివిజన్‌లోనే, గుల్లగూడ-చిట్గిద్ద మధ్య రెండు రైళ్లని ఎదురెదురుగా నడిపి చూపించారు. రైల్వే మంత్రి కూర్చున్న లోకో ఎదుటి దానికి 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. అక్కడ సందేహం వస్తే ఆగడం రూలు. మన ఫోన్‌లో సందేహం వస్తే ఇంకో నెట్‌వర్క్‌కి దూకడం రూలు.

నా కంప్లయింట్ ఫోన్ కంపెనీల మీద

ఆండ్రాయిడ్ 6 తో 2015లో డోజ్ వచ్చింది, అది అర్థం చేసుకోగలిగిందే. దాని పైన ఒక్కో కంపెనీ సొంత బ్యాటరీ సేవర్, సొంత "స్మార్ట్" నెట్‌వర్క్ స్విచ్ పెట్టుకుంటూ పోయింది. ఒక్కో ఫోన్‌లో ఒక్కో పేరు, ఒక్కో మెనూలో దాక్కుని ఉంటుంది. ఏ ఫోన్ యాప్‌లని ఎలా చంపుతుందో లెక్కలు పెట్టడానికి డోంట్ కిల్ మై యాప్ అని ఒక సైటే పుట్టింది అంటే పరిస్థితి ఊహించుకోండి. రైలు ఒక్కటే కాదు, డ్రోన్, సీసీ కెమెరా, స్మార్ట్ ప్లగ్, ఇంటర్నెట్ లేని లోకల్ వైఫై మీద నడిచే ప్రతి వస్తువుకీ ఇదే గతి. కెమెరా శాంపిల్స్ ముప్పై పెట్టే రివ్యూల్లో ఈ టెస్ట్‌కి ఒక్క పేరా ఇవ్వలేమా? రూటర్ నుంచి ఇంటర్నెట్ కేబుల్ పీకి, ఐదు నిమిషాలు చూస్తే చాలు.

అప్పటిదాకా ఫోన్‌తో నడిపే వాళ్లు మొబైల్ డేటా ఆఫ్ చేయండి. ఆటోమేటిక్ నెట్‌వర్క్ స్విచ్ ఎక్కడుందో వెతికి ఆపండి. థ్రాటిల్ యాప్‌కి బ్యాటరీ రిస్ట్రిక్షన్ తీసేయండి, హార్ట్‌బీట్ మాత్రం తీయకండి. డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి, ఎందుకంటే మెదక్ ప్లాట్‌ఫామ్‌లోకి రైలు వస్తున్నప్పుడే లోన్ కావాలా అని కాల్ వస్తుంది. ఇంజన్ డ్రైవర్‌లో వాల్యూమ్ బటన్లతో స్పీడ్ మార్చుకోవచ్చు, అది వాడండి. స్లయిడర్ కంటే వంద రెట్లు నయం, ఎందుకంటే వేలికి తెలుస్తుంది.

ఈ చివరి మాట నాది కాదు, నాయినది. నలభై ఏళ్లు ట్రాక్టర్ నడిపిన మనిషి. స్టీరింగ్ పక్కన ఉండే హ్యాండ్ రేసు లివర్‌ని చూడకుండా, వెనక్కి తిరిగి నాగలి వైపు చూస్తూ సర్దేవాడు. నా ఫోన్ థ్రాటిల్ ఇస్తే రెండు నిమిషాలు పట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. "రేసు చేతికి తెల్వాలెరా. దీన్ని సూడాలె, రైలును సూడాలె, రెండు కండ్లు సాలుతయా?" యూఎక్స్ మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటిగా చెప్పింది లేదు. అద్దం మీద స్లయిడర్ ఎక్కడుందో వేలికి తెలీదు. కళ్లు ఫోన్ మీద పెట్టిన రెండు సెకన్లలో రైలు 38 సెంటీమీటర్లు వెళ్లిపోతుంది.

ఆయన అడిగిన స్టార్టర్ ప్రశ్న కూడా అంతే. ఇప్పుడు ఊళ్లో చాలా బోర్లకి మొబైల్ స్టార్టర్లు ఉన్నాయి, ఇంట్లో పడుకుని ఫోన్ కొడితే మోటార్ ఆన్ అవుతుంది. అయినా బోరు దగ్గర డబ్బా మీదున్న ఎర్ర బటన్ ఎవ్వరూ పీకేయలేదు.

సెలవులు అయ్యాక కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక ఈఎస్‌పీ32 బోర్డు, రోటరీ ఎన్‌కోడర్, చిన్న కీప్యాడ్, ఓలెడ్ స్క్రీన్ కొన్నాను. విట్‌కంట్రోలర్ అని ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఒకటుంది, దాన్ని ఎక్కించాను. తిప్పితే స్పీడ్, నొక్కితే స్టాప్. దీనికి మొబైల్ డేటా లేదు, కాల్స్ రావు, దూకడానికి ఇంకో నెట్‌వర్క్ లేదు. అయినా ఇది కూడా వైఫై మీదే నడుస్తుంది కాబట్టి దీన్ని కూడా పూర్తిగా నమ్మలేదు. అడాప్టర్ నుంచి మోటార్ షీల్డ్‌కి వెళ్లే 15 వోల్టుల లైన్ మధ్యలో ఒక ఎర్ర పుట్టగొడుగు బటన్ పెట్టాను, మెదక్ స్టేషన్ పక్కనే టేబుల్‌కి బిగించి. అందులో సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు. కొడితే పట్టాల్లో కరెంట్ పోతుంది. హార్ట్‌బీట్ టిక్ మళ్లీ పెట్టాను, టైమ్ కూడా నా టేబుల్‌కి తగ్గట్టు తగ్గించాను. ప్లాట్‌ఫామ్ చివర బఫర్ స్టాప్ కూడా కట్టాను, అది మొదటి రోజే కట్టాల్సింది.

ఫోన్‌ని మానేశానా అంటే లేదు. సీవీలు మార్చడానికి, పాయింట్లు వేయడానికి, హారన్ కొట్టడానికి ఫోనే బాగుంటుంది. కీప్యాడ్ మీద ఫంక్షన్ నంబర్లు గుర్తు పెట్టుకోవడం నా వల్ల కావట్లేదు. కానీ రైలుని ఆపే పని మాత్రం దాని చేతిలో లేదు.

ఇంజన్ బోగీ ఫ్రేమ్‌ని ఎపాక్సీతో అతికించాను, కొంచెం ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. ఇప్పుడు నాబ్ నాయిన దగ్గర, ఎర్ర బటన్ పాప దగ్గర. పోయిన ఆదివారం ఆ బటన్‌ని పదిహేడు సార్లు కొట్టింది, అందులో ఒక్కసారి మాత్రమే అవసరం. లక్ష్మాపూర్ దగ్గర ఫిష్‌ప్లేట్ ఇంకా బాకీ ఉంది, ఈ శనివారం సోల్డరింగ్ ఐరన్ తీసుకుని వెళ్తున్నా.